టన్ను రాయికి అరకాసు

పాడుబడ్డ గనుల ఊరు చూద్దామని చిత్తూరు నుంచి కర్ణాటకలోని కోలారు బంగారు గనులకు (కేజీఎఫ్) బయలుదేరినవారికి అక్కడ మొదట ఎదురయ్యేది వాహనాల రద్దీ. రాబర్ట్‌సన్‌పేట బజారులో మోటారు సైకిలు నిలపడానికి చోటు వెతుక్కోవాలి. బట్టల కొట్లు, బిర్యానీ హోటళ్లు, ట్యూషన్ సెంటర్లు, వాటి మధ్య నగల దుకాణాలు. గాలికి కొట్టుకునే తలుపులు, మనిషి అలికిడి లేని వీధులు ఊహించుకుని వచ్చినవారికి ఇది కొంత ఆశాభంగమే. కేజీఎఫ్ సినిమాల పుణ్యమా అని కొన్నేళ్లుగా ఈ దారిన వచ్చేవారు పెరిగారు. వారిలో ఎక్కువమంది బజారు దాటి ఛాంపియన్ రీఫ్, మారికుప్పం వైపు వెళ్లి, తుప్పు పట్టిన ఇనుప గోపురం కనిపించే చోట ఒక ఫోటో, బూడిదరంగు మట్టి దిబ్బ ఎదుట ఇంకొక ఫోటో దిగి, వి.కోట, పలమనేరు మీదుగా రాత్రికి ఇల్లు చేరతారు. చూడాల్సింది చూసేశామనే అనుకుంటారు.

నిజానికి అక్కడ మూతపడింది గని, ఊరు కాదు. సరిహద్దుకు ఇవతల, చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలో సంగతి వేరు. అక్కడ చిగురుగుంట, బిసానత్తం అనే రెండు బంగారు గనులు ఉండేవి. అవీ 2001లోనే మూతపడ్డాయి. వాటిని చూడటానికి ఎవరూ పెద్దగా వెళ్లరు, ఎందుకంటే అక్కడ పాడుబడటానికి ఊరంటూ ఎవరూ కట్టలేదు. ఒకే రాయి, ఒకే సంస్థ, ఒకే ఏడాది మూత. అయినా ఒకచోట కొన్ని తరాల పట్టణం మిగిలితే, ఇంకొకచోట ముళ్లకంపల మధ్య కొన్ని గోడలు మిగిలాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే, వదిలేసిన గనుల ఊళ్లను చూసే చూపే మారుతుంది.

రెండింటి కింద ఉన్న రాయి ఒకటే అన్నది మాటవరసకు చెప్పింది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు కోలారు శిలా మేఖల అని పిలిచే నల్లటి రాతి పట్టీ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగుతుంది. వెడల్పు మాత్రం చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్లే. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందటి రాయి ఇది. దీని చీలికల్లో పలుగురాయి చారలు చారలుగా ఉంటుంది, బంగారం ఎక్కువగా ఉన్నది ఆ చారల్లోనే. ఈ పట్టీ నడుమ కర్ణాటక గనులు, దక్షిణపు కొసలో చిత్తూరు జిల్లా చిగురుగుంట, బిసానత్తం, మల్లప్పకొండ. ఇంకా కిందికి పోతే తమిళనాడు కృష్ణగిరి జిల్లా. రాష్ట్రాల సరిహద్దు రాళ్లు పైన పాతినవే, కింద రాయి ఒకటే.

ఈ రాతిలో బంగారం ఉందని కంపెనీలు కనిపెట్టలేదు. 1802లో బ్రిటిష్ సర్వే అధికారి జాన్ వారెన్ ఈ ప్రాంతానికి వచ్చేనాటికే ఊరిగాం, మారికుప్పం పల్లెల వాళ్లు మట్టి కడిగి బంగారు రేణువులు తీస్తున్నారు. కంసాలి కొట్టు ఊడ్చిన దుమ్మును కడిగి పొడి ఏరుకునేవాళ్లు మన ఊళ్లలో ఉండేవారు, ఇది దానికి పెద్దన్న లాంటి పని. చేట నిండా మట్టి, ఓపిక నిండా రోజు, చివరికి గురిగింజలో పదోవంతు. వారెన్ చూసి రాసుకున్నాడు, ఆ కాగితాలు దశాబ్దాల పాటు అలాగే పడి ఉన్నాయి. 1870ల్లో లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకం హక్కు తెచ్చుకున్నాడు కానీ తవ్వేంత డబ్బు అతని దగ్గర లేదు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ దిగాకే అసలు కథ మొదలైంది. ఆ కథ కూడా మొదట్లోనే ముగిసిపోయేదే. పైపైన తవ్విన కంపెనీలు ఒక్కొక్కటే డబ్బులు అయిపోయి చేతులెత్తేశాయి. చివరి పెట్టుబడితో ఇంకాస్త లోతుకు వెళ్లిన ఒక కంపెనీకి 1880ల మధ్యలో ఛాంపియన్ అనే గొప్ప బంగారు చార తగిలింది.

తర్వాతి సుమారు నూటపదిహేనేళ్లలో అక్కడ తీసిన బంగారం దాదాపు 800 టన్నులు. వినడానికి కుబేరుడి భాండాగారంలా ఉంటుంది. మన దేశం ఈమధ్య కాలంలో ఒక్క ఏడాదిలో దిగుమతి చేసుకునే బంగారం 700, 800 టన్నుల మధ్య ఉంటోంది. అంటే నాలుగు తరాల మనుషులు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి తీసినదంతా మన పెళ్లిళ్లకు, బ్యాంకు లాకర్లకు ఒక్క ఏడాది సరుకు. గనులు మూతపడటం వల్ల దేశానికి బంగారం కరువైందని బాధపడేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. పోయింది బంగారం కన్నా ముఖ్యంగా కొలువులు.

ఆ కొలువులకు వచ్చినవారెవరు? 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాష్ట్రాన్ని పెద్ద కరువు ఊడ్చేసింది. ఆ దెబ్బ మానకముందే గనుల్లో పని మొదలైంది. ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి భూమి లేని కుటుంబాలు, ఎక్కువగా దళితులు, మూటాముల్లె సర్దుకుని వచ్చారు. చిత్తూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. 1911లో గానీ వేరే జిల్లా కాలేదు. కాబట్టి కోలారు గనుల తొలి తరం కూలీల్లో ‘మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన తమిళులు’ అని పుస్తకాల్లో కనిపించే లెక్కలో తెలుగువాళ్లూ కలిసి ఉన్నారు. ఊళ్లో దొర పొలంలో వెట్టి చేయడం కన్నా భూమి కింద రాయి కొట్టడం మేలని వాళ్లు అనుకున్నారంటే, పైన బతుకు ఎలా ఉండేదో ఊహించవచ్చు. కింద బతుకు ఏమంత గౌరవంగా ఉండేది కాదు. పై మెట్టు యూరోపియన్లది, నడిమి మెట్టు ఆంగ్లో ఇండియన్లది, అడుగు మెట్టు కూలీలది. బంగారం దొంగతనం పేరుతో ఒళ్లంతా తడిమి చూసేవారు. వేలిముద్రలతో పేరు నమోదు చేసుకోవాలన్నందుకు 1930లో కూలీలు మూడు వారాలు సమ్మె కట్టారు. వేలిముద్ర అంటే నేరస్థుడి దగ్గర తీసుకునేదని అందరికీ తెలిసిన రోజులవి.

గని చుట్టూ ఊరు కట్టడం కంపెనీ మంచితనం కాదు, అవసరం. వేలమంది కూలీలకు ఆ మెట్ట భూమిలో నీళ్లు లేవు, నీడ లేదు. మొదట తడికెల గుడిసెలు, తర్వాత వరుస ఇళ్లు. వాటిని నేటికీ ‘లైన్లు’ అనే అంటారు. పాలారు నీళ్లను బేతమంగళం దగ్గర నిలిపి గొట్టాల్లో తెచ్చారు. 1894 నాటికి రైలు వచ్చింది. 1902లో కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. ఆనాటికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో. మహారాజు రాజధాని మైసూరు, దండు ఉన్న బెంగళూరు, రెండూ చీకట్లో ఉండగా గని యంత్రాలకు ముందు కరెంటు దక్కింది. ఇందులో ఆశ్చర్యం లేదు, బంగారం మీద వచ్చే రాయల్టీ మైసూరు ఖజానాకు పెద్ద ఆదాయం.

సందర్శకులు ఫోటో దిగే ఇనుప గోపురాన్ని కాస్త నిదానంగా చూడాలి. నాలుగు ఇనుప కాళ్లు, పైన పెద్ద చక్రం. చక్రం గాడిలో ఒకప్పుడు ఉక్కు తాడు నడిచేది. తాడుకు ఒక కొసన మనుషులను దింపే ఇనుప పంజరం, ఇంకొక కొస దూరంగా ఉన్న గదిలో యంత్రం డ్రమ్ముకు. ఆ గదిలో కూర్చున్న మనిషికి పంజరం కనిపించదు. గంట ఎన్నిసార్లు మోగిందన్న దాన్నిబట్టి ఆపాలా, దింపాలా, ఎత్తాలా అని తెలుసుకునేవాడు. గోపురం కాళ్లలో రెండు నిటారుగా, రెండు వెనక్కి వాలుగా ఉంటాయి. యంత్రం తాడును ఒకవైపుకే లాగుతుంది కాబట్టి ఆ లాగుడుకు తట్టుకోవడానికి ఆ వైపు కాళ్లు చాచి ఉంచారు. గోపురం ఏ వైపుకు కాళ్లు చాచిందో చూస్తే యంత్రం గది ఎక్కడ ఉండేదో, అది కూలిపోయి పునాదులే మిగిలినా, ఎవరైనా చెప్పేయవచ్చు.

దాని కింద ఉన్నది అలిపిరి నడకదారి ఎక్కినవారికి ఒక కొలతతో అర్థమవుతుంది. మోకాళ్లు పట్టుకుపోయేలా 3,550 మెట్లు ఎక్కితే తిరుమల చేరతాం. అలా ఎక్కిన ఎత్తుకు నాలుగు రెట్లకు పైగా లోతు ఛాంపియన్ రీఫ్ గనిది, దాదాపు 3,200 మీటర్లు. ఆ అడుగున రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది. పై నుంచి చల్లటి గాలి పంపకపోతే మనిషి కొద్దిసేపు కూడా నిలవలేడు. పైన ఉన్న రాతి బరువు తట్టుకోలేక గోడలు ఒక్కసారిగా పేలేవి, తుపాకీ గుండులా రాయి దూసుకొచ్చేది. రాయి తొలిచేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ అనే జబ్బు తెచ్చేది. గనిలో చచ్చిపోయినవారి లెక్క ప్రమాదాల పుస్తకంలో ఉంటుంది. ఇంటికి వెళ్లి పదేళ్లు దగ్గి చచ్చిపోయినవారు ఆ పుస్తకంలో ఉండరు.

అంత లోతుకు ఇంకొక ఉపయోగం కూడా దొరికింది. ఆకాశం నుంచి నిరంతరం కురిసే కణాల్లో చాలావాటిని పైనున్న రాయి ఆపేస్తుంది. కాబట్టి దేన్నైనా దాటుకుని రాగల న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలను వెతకడానికి లోతైన గని అనువైన చోటు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు జపాన్, ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులతో కలిసి ఛాంపియన్ రీఫ్‌లో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు అమర్చి, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో అలాంటి తొలి ఫలితాల్లో అదొకటి. పరమాణువు లోపలి కణమైన ప్రోటాన్ విచ్ఛిన్నమవుతుందా అన్న పరిశోధన కూడా 1980ల్లో ఇక్కడే సాగింది. ఈ సంగతి తెలిపే ఒక బోర్డు ఊళ్లోకి వచ్చే దారిలో ఉంటే సినిమా చూసి వచ్చే కుర్రాళ్లకు ఎంతో ఉపయోగం.

ఇంత పెట్టి, ఇంత సాధించి, గని ఎందుకు మూశారు? బంగారం అయిపోయింది కాబట్టి అన్నది అందరూ చెప్పే జవాబు. అది తప్పు. దీనికి పలమనేరు, వి.కోట టమాటా రైతును మించిన సాక్షి లేడు. ధర పడిపోయిన ఏడాది చేను ఎర్రగా పండి ఉంటుంది. కోత కూలి, గంపల ఖర్చు, మార్కెట్‌కు వాహనం బాడుగ కలిపితే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. రైతు కాయను కోయకుండా మేకలను తోలేస్తాడు. టమాటా అయిపోలేదు, గిట్టుబాటు అయిపోయింది. గని కూడా అలాగే మూతపడుతుంది.

తొలి దశాబ్దాల్లో కోలారు రాయి టన్నుకు పదుల గ్రాముల బంగారం ఇచ్చింది. చివరికి అది మూడు నాలుగు గ్రాములకు దిగింది. కాసు అంటే ఎనిమిది గ్రాములు కదా, టన్ను రాయికి అరకాసు అన్నమాట. 2001లో పది గ్రాముల బంగారం ధర సుమారు 4,300 రూపాయలు. అంటే మూడు కిలోమీటర్ల కింద టన్ను రాయిని తొలిచి, పేల్చి, పైకి లాగి, పిండి చేసి, సయనైడ్ నీళ్లలో నానబెట్టి బంగారం విడదీస్తే, చేతికి వచ్చేది పదిహేడు వందల రూపాయల చిల్లర. ఆ డబ్బుతోనే వేల కూలీల జీతాలు, పగలూ రాత్రీ నీళ్లు తోడే పంపుల కరెంటు, ఆసుపత్రి, క్వార్టర్లు, అన్నీ నడవాలి. పైగా అప్పట్లో అంతర్జాతీయ మార్కెట్‌లోనూ బంగారం ధర అడుగంటి ఉంది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం తీసుకున్న ఈ గనులు 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ పేరుతో నడిచి, 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయాయి. గుడుపల్లె మండలం గనులు, అనంతపురం వైపు రామగిరి గనులు కూడా ఆ సంస్థవే. తల్లి వేరు ఎండితే పిల్ల వేళ్లు నిలవలేదు.

టమాటాకూ బంగారానికీ ఒక తేడా ఉంది, మూసివేతను దాదాపు శాశ్వతం చేసేది అదే. కోయని కాయ కుళ్లిపోతుంది, వచ్చే ఏడాది కొత్త పంట వేసుకోవచ్చు. తవ్వని బంగారం కుళ్లదు. కానీ పంపులు ఆపిన రోజు నుంచి గనిలోకి నీరు ఊరుతుంది. కొన్నేళ్లలో కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు నీళ్ల గుండంగా మారతాయి. పట్టాలు, పంపులు, తీగలు అన్నీ అందులోనే. మళ్లీ తెరవాలంటే మొదట ఆ నీళ్లన్నీ తోడాలి, తర్వాత కుళ్లిన ఊతకర్రలన్నీ మార్చాలి, ఆ తర్వాతే మొదటి టన్ను రాయి. మూయడం ఒక్క సంతకం పని. తెరవడానికి ఆ ఖర్చంతా ముందే పెట్టుకోవాలి.

ఇక ఇవతలి వైపు సంగతి. గుడుపల్లె, బిసానత్తం రెండింటికీ రైల్వే స్టేషన్లు ఉన్నాయి. జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బంగారుపేట వెళ్లే దారిలో పాసింజరు బండి ఎక్కినవాడు ఈ రెండు పేర్లూ చూసే ఉంటాడు. బిసానత్తం అనే బోర్డు చూసినప్పుడు దాని వెనుక బంగారు గని ఉందని ఎందరికి తట్టి ఉంటుంది? ఈ గనులు గత శతాబ్దం రెండో సగంలో భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో పనిచేశాయి. ఆ దశాబ్దాల్లో పనివాళ్లు చుట్టుపక్కల పల్లెల్లోనే ఉండేవారు. పొద్దున గని, సాయంత్రం పశువులు, పొలం. గని ఆగినప్పుడు వారి నెల జీతం పోయింది, ఇల్లు పోలేదు. కోలారు వైపు సంగతి అది కాదు. ఇల్లు సంస్థది, నీళ్లు సంస్థవి, ఆసుపత్రి సంస్థది, చివరికి చర్చి, క్లబ్బు దాకా సంస్థ చుట్టూ అల్లుకున్నవే. మూడు తరాల కిందట వచ్చిన కుటుంబానికి వెనక్కి వెళ్లడానికి సొంత ఊరూ లేదు, సెంటు భూమీ లేదు. అందుకే గని మూతపడి ఇన్నేళ్లయినా లైన్లలో మనుషులు ఉన్నారు. ఇళ్ల హక్కు తమకు రావాలని అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి ఊరు నిలబడటానికీ, మాయమవడానికీ కారణం బంగారం ఎంత దొరికిందన్నది మాత్రమే కాదు. పనివాణ్ని వేళ్లతో సహా పెకలించి తెచ్చి నాటారా, లేక ఉన్నచోటే ఉంచి కూలికి పిలిచారా అన్నది అసలు తేడా. మొదటి రకంలో గని పోయాక మనిషి చిక్కుకుపోతాడు. రెండో రకంలో గని పోయాక మనిషి బయటపడతాడు, కానీ అతను అక్కడ పనిచేశాడన్న గుర్తు కూడా ఎక్కడా మిగలదు. రెండింటిలో ఏది మేలని అడిగితే, కష్టకాలంలో రెండోదే మేలని చెప్పాలి. చరిత్ర దృష్టిలో మాత్రం చిగురుగుంట పనివాళ్లకు అన్యాయమే జరిగింది. కోలారు గనుల మీద షెల్ఫ్ నిండా పుస్తకాలు, మన వైపు గనుల మీద పత్రికల్లో అప్పుడప్పుడు ఒక వార్త.

కోలారులో అన్నిటికన్నా ఎక్కువగా కంటికి కనిపించేవి దిబ్బలు. వాటిని స్థానికులు సయనైడ్ దిబ్బలు అంటారు. రాయిని గోధుమ పిండి కన్నా మెత్తగా చేసి, సయనైడ్ కలిపిన నీళ్లలో నానబెడితే బంగారం నీళ్లలోకి దిగుతుంది, పిండి మిగులుతుంది. 1880ల చివర స్కాట్లండ్‌లో కనిపెట్టిన ఈ పద్ధతి రాకముందు వదిలేసిన బంగారం కూడా దీనితో పిండగలిగారు. మిగిలిన పిండిని కుప్పలు పోశారు. అలాంటి కుప్పలు పదమూడు, బరువు దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులని లెక్క. దగ్గరికి వెళ్లి చూస్తే పైన గట్టిపడిన పొర ఉంటుంది, వేలితో నొక్కితే పెంకులా విరిగి లోపల టాల్కం పౌడర్ లాంటి మెత్తటి దుమ్ము. వాన నీళ్లు దిబ్బ పక్కల్ని నిలువుగా కోసుకుంటూ వచ్చి, దూరం నుంచి చూస్తే ముడతలు పడిన మొహంలా కనిపిస్తుంది. సయనైడ్ ఎండకు, గాలికి కాలక్రమేణా చాలావరకు విరిగిపోతుంది. కాబట్టి పేరులో ఉన్నంత భయం అక్కర్లేదు. భయపడాల్సింది దుమ్ముకే. గాలికాలంలో అది ఇళ్లలోకి, అన్నంలోకి వస్తుంది. సిలికా రేణువులకు ఊపిరితిత్తుల్లోకి దారి బాగా తెలుసు.

విచిత్రం ఏమిటంటే ఆ దుమ్ములోనూ బంగారం ఉంది. టన్నుకు గ్రాము కన్నా తక్కువే కానీ, తవ్వాల్సిన పని లేదు, పేల్చాల్సిన పని లేదు, పిండి చేయడం ఎప్పుడో అయిపోయింది. అందుకే ప్రభుత్వాల దృష్టి ఈమధ్య గనుల కన్నా దిబ్బల మీద పడింది. ఈ దిబ్బలను తిరగదోడే కేంద్రం ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024లో ఆమోదం తెలిపింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అన్న సామెత ఇక్కడ తిరగబడింది. కొండను తవ్వగా వచ్చిన మట్టే కొత్త కొండ, అందులో పాత ఎలుక తోక ఇంకా దొరుకుతోంది.

చిత్తూరు గనుల లెక్క వేరే తీరుగా నడుస్తోంది. 2015 నాటి చట్ట సవరణ తర్వాత గనులు వేలం ద్వారానే ఇవ్వాలి. చిగురుగుంట, బిసానత్తం బ్లాకు, విస్తీర్ణం 263 హెక్టార్లు, 2018 వేలంలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు దక్కింది. అప్పటి అంచనా ప్రకారం అక్కడ 18 లక్షల టన్నులకు పైగా ఖనిజం, టన్నుకు ఐదు గ్రాముల పైచిలుకు బంగారం. మొత్తం తొమ్మిది టన్నుల చిల్లర. కోలారు ఇచ్చిన దానిలో వందో వంతు పైమాటే, అంతే. అయినా లెక్క ఎందుకు కుదురుతుందంటే, 2001లో ఐదు గ్రాముల విలువ రెండు వేల చిల్లర. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది కాబట్టి అదే ఐదు గ్రాములు యాభై వేలు. కూలి, కరెంటు, పేలుడు మందు ధరలూ పెరిగాయి, కానీ బంగారంతో పోటీ పడి పెరగలేదు. పైగా ఈ గనులు కోలారు అంత లోతైనవి కావు, తోడాల్సిన నీళ్లూ తక్కువే. వేలం గెలిచిన మర్నాడే పలుగు పడుతుందని మాత్రం అనుకోకూడదు. గని ప్రణాళిక, పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ, భూమి, ఒక్కొక్కటీ ఏళ్లు తినే మెట్టు.

తెరిస్తే గుడుపల్లె పల్లెలకు ఏం వస్తుంది? పాత గనిలా వేల కొలువులు రావు. ఇప్పటి గనుల్లో తొలిచేది, ఎత్తేది, మోసేది యంత్రాలే. వచ్చే కొద్ది ఉద్యోగాల్లోనూ చదువున్నవారికి చోటు ఎక్కువ. నీటి సంగతి ముందే అడగాలి, ఎందుకంటే ఆ మండలాల్లో బోరు ఎంత లోతుకు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. గనిలో నీరు తోడితే చుట్టుపక్కల బావులు ఏమవుతాయన్నది ప్రజాభిప్రాయ సేకరణలో మొదటి ప్రశ్న కావాలి. మిగిలిన పిండిని ఎక్కడ పోస్తారన్నది రెండో ప్రశ్న. కోలారు దిబ్బలు చూసి వచ్చినవారు ఈ రెండో ప్రశ్న మరిచిపోరు. ఫోటోలు దిగడానికి వెళ్లే దారి ఖర్చుకు ఇదొక లాభం.

వెళ్లేవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. గోపురాల చుట్టూ ఉన్న స్థలం సంస్థది, అనుమతి లేకుండా కంచె దాటకూడదు. కారణం కాగితాల మీది నిబంధన మాత్రమే కాదు. పాత గని బావుల మూతలు తుప్పు పట్టి, గడ్డి కప్పి ఉంటాయి. పైన నేల గట్టిగా కనిపించినా కింద డొల్లగా ఉండవచ్చు. మూసి ఉన్న సొరంగంలో సరిపడా ఆక్సిజన్ ఉండకపోవచ్చు, అలాంటి చోట దిగిన మనిషికి ఊపిరాడటం లేదన్న సంగతి తెలిసేలోపే స్పృహ పోతుంది. కాపాడబోయి దిగే రెండో మనిషిదీ అదే గతి. పాత ఇనుము కోసం, ఖనిజం మట్టి కోసం దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. లైన్లలో ఫోటోలు తీసేటప్పుడు ఇంకొక మర్యాద పాటించాలి. అవి శిథిలాలు కావు, ఇళ్లు. వరండాలో బట్టలు ఆరేసి ఉన్నాయంటే లోపల ఎవరో వంట చేస్తున్నారు. అడిగి తీస్తే, తీసే ఫోటో కన్నా మంచి కబురు దొరకవచ్చు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు రావచ్చు.

గని పోయాక ఆ ఊరు ఏం తిని బతికింది? కొంత బతుకు 1960ల్లో అక్కడ పెట్టిన, మట్టి తవ్వే భారీ యంత్రాలు చేసే బీఈఎంఎల్ కర్మాగారం ఇచ్చింది. మిగిలిందంతా రైలు ఇచ్చింది. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా ఉన్న కొమ్మ లైను మీద కోరమండల్, ఊరిగాం, ఛాంపియన్ అని వరుసగా స్టేషన్లు. గనుల పేర్లే స్టేషన్ల పేర్లు. బొగ్గు, యంత్రాలు లోపలికి తేవడానికి వేసిన ఆ దారి ఇప్పుడు తెల్లవారుజామున వేలమందిని బెంగళూరుకు తీసుకెళ్తుంది. తాపీ పని, కాపలా పని, ఆఫీసు పని, ఆసుపత్రి పని, ఏదైతే అది. తాత పంజరం ఎక్కి కిందికి దిగితే, మనవడు బోగీ ఎక్కి పడమటికి వెళ్తున్నాడు. షిఫ్టు సమయాలు మాత్రం పెద్దగా మారలేదు.

బంగారుపేట జంక్షన్‌లో ఇంకొక దారి వచ్చి కలుస్తుంది. అది కుప్పం, గుడుపల్లె, బిసానత్తం మీదుగా వచ్చేది. అందులోనూ టిఫిన్ క్యారియర్లు పట్టుకున్నవాళ్లే, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నవాళ్లే. ఊరున్న గని వాళ్లూ, ఊరు లేని గని వాళ్లూ ఆ ప్లాట్‌ఫారం మీద కలుస్తారు. అక్కడి నుంచి బెంగళూరు దాకా సీటు దొరకడం ఇద్దరికీ కష్టమే.